పాలు పొంగితే పోయినట్టే... ఫోటోలో తెలుపూ అంతే!

ఇంట్లో మంచి డిజిటల్ కెమెరా ఉంది. అందులో ‘రా’ అనే సదుపాయమూ ఉంది. ‘రా’లో తీస్తే చాలు, ఎలా తీసినా తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవచ్చని ఎవరో చెప్పారు. ఆ మాట సగమే నిజం! మిగతా సగం తెలియకపోతే ముహూర్తం వేళ తీసిన ఫోటోలు చేజారిపోతాయి. ఆ మిగతా సగం ఏమిటో ఈ వారం తెలుసుకుందామా?

పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తున్నప్పుడు మీరూ గమనించే ఉంటారు. పెళ్ళికూతురి ముఖం చక్కగా వచ్చింది. నగలు మెరిసిపోతున్నాయి. కానీ మధుపర్కాల దగ్గరికి వచ్చేసరికి చీర చీరలా ఉండదు. మడతలు లేవు, నేత లేదు. సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంటుంది. జడలో మల్లెపూలు పువ్వు పువ్వుగా కాక తెల్లటి ముద్దలా కనిపిస్తాయి. ‘కెమెరా అంత మంచిది కాదేమో’ అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అసలు కారణం అది కాదు. ఆ తెల్లబట్ట నుంచి వచ్చిన వెలుతురు కెమెరా పట్టగలిగిన దానికంటే ఎక్కువైపోయింది, అంతే!

ఒక ఫోటోకి ఎంత వెలుతురు అందాలో నిర్ణయించుకోవడాన్నే ‘ఎక్స్‌పోజర్’ అంటారు. ‘రా’లో తీసేటప్పుడు ఈ లెక్క మామూలు ఫోటో లెక్కలా ఉండదు. కష్టమైన విద్య కూడా కాదు. కూరలో ఉప్పు పాళ్ళు చూడటం వచ్చిన ఇల్లాలికి ఇది చేతకాకపోవడమనేది ఉండదు.

‘రా’ అంటే రమ్మని కాదు!

‘రా’ అంటే ఇంగ్లీషులో పచ్చిది, వండనిది అని అర్థం. మామూలుగా కెమెరా ఇచ్చే ఫోటోని ‘జేపెగ్’ అంటారు. అది వండి వడ్డించిన కూర. రంగు ఎంత చిక్కగా ఉండాలి, నీడలు ఎంత నల్లగా ఉండాలి అనేవన్నీ కెమెరాయే నిర్ణయించేసి, మిగిలినదంతా పారేసి, మన చేతికి ఇస్తుంది. ‘రా’ అలా కాదు. అది తరిగి పెట్టుకున్న కూరముక్కల్లాంటిది. వేపుడు చేసుకుంటామో, పులుసు పెట్టుకుంటామో మన ఇష్టం.

జేపెగ్‌లో ఒక్కో రంగుకి నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల ‘రా’లో 16,384 మెట్లు ఉంటాయి. అందుకే సరిచేసుకునే వీలు ఎక్కువ. దానికి తగ్గట్టే చోటూ ఎక్కువ పడుతుంది. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో జేపెగ్ సుమారు 10 ఎంబీ ఉంటే, ‘రా’ ఫైలు 25 నుంచి 50 ఎంబీ దాకా ఉంటుంది. కాబట్టి శుభకార్యానికి వెళ్ళేటప్పుడు పెద్ద కార్డు వేసుకోవడం మరచిపోకండి.

అయితే ఒక్క విషయం. కూరముక్కలు ఎలాగైనా వండుకోవచ్చు గానీ, తరిగేటప్పుడే కిందపడి మట్టిపాలైన ముక్కని ఏ వంటా తిరిగి తేలేదు కదా? ఎక్స్‌పోజర్ సంగతీ అంతే.

నిండిన గిన్నె, నాలుగు చుక్కల గిన్నె

కెమెరా లోపల ఉండే సెన్సార్ని వాకిట్లో వాన కింద వరసగా పెట్టిన గిన్నెల్లా ఊహించుకోండి. 24 మెగాపిక్సెళ్ళంటే రెండు కోట్ల నలభై లక్షల బుల్లి బుల్లి గిన్నెలన్నమాట! వాన బదులు వెలుతురు పడుతుంది. ఎక్కువ వెలుతురు పడ్డ గిన్నె తెల్లగా, తక్కువ పడ్డది నల్లగా ఫోటోలో కనిపిస్తుంది.

గిన్నె నిండాక ఇంకా వాన పడితే? పొర్లిపోతుంది. పక్కపక్కన ఉన్న వంద గిన్నెలూ పొర్లితే, దేంట్లో ఎంత వాన పడిందో చెప్పగలమా? అన్నీ ‘నిండుగా ఉన్నాను’ అనే అంటాయి. చీర మడతలో ఎత్తూ, పల్లమూ ఒకే తెలుపుగా మారిపోయేది ఇలాగే. కంప్యూటర్లో ఎంత నల్లబరిచినా అది బూడిదరంగు ముద్ద అవుతుందే తప్ప మడత తిరిగి రాదు. పొయ్యి మీద పొంగిన పాలని గిన్నెలోకి ఎత్తుకోలేం కదా!

మరి భయపడి వెలుతురు బాగా తగ్గించేస్తే? అదీ నష్టమే, కాకపోతే రకం వేరు. నాలుగు చినుకులే పడిన చోట ఒక గిన్నెలో మూడు, పక్కదాంట్లో ఆరు ఉంటాయి. రెండూ ఒకే నల్లకోటు తాలూకువైనా ఒకటి రెండోదానికి రెట్టింపు అయిపోతుంది. ఆ చీకటిని కంప్యూటర్లో పైకి లేపితే రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. దీన్నే ‘నాయిస్’ అంటారు. జోరువాన పడితే ఈ తేడాలు పెద్దగా తెలియవు. వెలుతురు రెట్టింపు చేస్తే ఫోటో శుభ్రత సుమారు 1.4 రెట్లు పెరుగుతుందని లెక్క.

కాబట్టి సూత్రం ఒక్కటే. చీకటిని కొంత రవ్వతోనైనా తిరిగి తెచ్చుకోవచ్చు. పొంగిన తెలుపుని తెచ్చుకోలేం. గిన్నె పొంగకుండా ఎంతవరకు నింపగలమో అంతవరకు నింపుకోవడమే ‘రా’ ఎక్స్‌పోజర్.

ఈ పద్ధతికి ఇంగ్లీషులో ‘ఎక్స్‌పోజ్ టు ద రైట్’ అని పేరు. కెనడా ఫోటోగ్రాఫర్ మైఖేల్ రైక్‌మన్ 2003లో రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ‘రా’లో ఉన్న మెట్లలో సగం ఒక్క పైభాగపు వెలుతురుకే పోతాయి కాబట్టి అటు వైపు తీయాలని ఆయన చెప్పిన కారణం. మెట్ల కన్నా పెద్ద కారణం పైన చెప్పుకున్న చినుకుల లెక్కేనని తర్వాత చాలామంది వివరించారు. కారణం ఏదైనా చేయాల్సిన పని అదే.

మీటరు మాట పూర్తిగా నమ్మొచ్చా?

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఉంటుంది. అది చాలా అమాయకురాలు! తన ఎదుట ఉన్నదంతా ఒక మోస్తరు బూడిదరంగే అనుకుంటుంది. మధుపర్కాలు ఫ్రేము నిండా ఉంటే ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అని తగ్గించేస్తుంది. తెల్లబట్ట మాసిన బట్టలా వస్తుంది. నల్లకోటు పెళ్ళికొడుకు ఫ్రేము నిండా ఉంటే ‘అయ్యో చీకటి’ అని పెంచేస్తుంది. నల్లకోటు వెలిసినట్టవుతుంది, పక్కనున్న తెల్లబట్టలు పొంగిపోతాయి.

అందుకే కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఒకటి ఇస్తారు. ఒక ‘స్టాపు’ పెంచితే వెలుతురు రెట్టింపు. రెండు స్టాపులు పెంచితే నాలుగు రెట్లు. మూడైతే ఎనిమిది రెట్లు. తగ్గించినా అదే లెక్కలో సగం, పావు అవుతుంది. సాధారణంగా ఒక స్టాపుని మూడు భాగాలు చేసి తిప్పుకునే వీలుంటుంది.

స్క్రీన్ చెప్పే చిన్న అబద్ధం

ఫోటో తీయగానే వెనక స్క్రీన్ మీద చూసుకుంటాం. అక్కడ కనిపించేది ‘రా’ కాదండీ! ‘రా’లో తీసినా కెమెరా తనకు తోచినట్టు వండి చూపించే చిన్న జేపెగ్. పైగా ఎండలో ఆ స్క్రీన్ చీకటిగానూ, రాత్రిపూట మెరుస్తూనూ కనిపించి మనల్ని మోసం చేస్తుంది.

దాని బదులు ‘హిస్టోగ్రామ్’ చూడండి. కొండలా ఉండే చిన్న బొమ్మ అది. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. చేటలో బియ్యాన్ని ఒక పక్కకి జరిపినట్టు ఆ కొండని కుడి అంచుదాకా జరపొచ్చు. అంచు దాటితే మాత్రం గింజలు నేలపాలే! కొండ కుడిగోడకి అతుక్కుని నిలువుగా లేచిందంటే తెలుపు పొంగిందని గుర్తు. పొంగిన చోట మిణుకు మిణుకుమని చూపించే హెచ్చరిక, తీయకముందే చారలు చూపించే ‘జీబ్రా’ అనే సదుపాయం కూడా చాలా కెమెరాల్లో ఉంటాయి. మెనూలో వెతికి ఆన్ చేసుకోండి.

ఇక్కడా ఒక మెలిక ఉంది. హిస్టోగ్రామ్ కూడా ఆ జేపెగ్ లెక్కే చెబుతుంది. అది ‘పొంగింది’ అన్నా ‘రా’లో ఇంకాస్త జాగా మిగిలి ఉండొచ్చు. ఆ తేడా తగ్గాలంటే మెనూలో పిక్చర్ స్టైల్ని ‘న్యూట్రల్’గా మార్చుకోండి. మిరుమిట్లు గొలిపే ‘వివిడ్’ వద్దు.

ఎర్ర పట్టుచీర కట్టుకున్న వాళ్ళని తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. సెన్సార్ గిన్నెల మీద రంగు మూతలుంటాయి. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ చేసిన ఈ అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. చాలా కెమెరాలు ఇప్పటికీ ఇదే పద్ధతి. పసుపు వెలుతురు బల్బుల కింద ఎర్రచీర ఉంటే ఎరుపు గిన్నెలు ఒక్కటే పొంగి, మిగతావి ఖాళీగా ఉండే వీలుంది. అప్పుడు మొత్తం హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ చీర మడతలు కుంకుమ ముద్దలా కలిసిపోతాయి. కాబట్టి మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు సంగతి చూసుకోండి.

టర్కీ టవలుతో పరీక్ష

మీ కెమెరా గిన్నె లోతెంతో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఒక్క గంట పని. కావలసినవి: ఉతికిన తెల్ల టర్కీ టవలు, కిటికీ పక్కన బల్ల, కెమెరా కదలకుండా పెట్టడానికి స్టాండు. స్టాండు లేకపోతే నాలుగు లావుపాటి పుస్తకాలు చాలు.

1. నేరుగా ఎండపడని కిటికీ పక్కన టవలుని మడతలు పడేలా గోడకి ఆనించి పెట్టండి. మబ్బులు వస్తూ పోతూ ఉండే పూట వద్దు, వెలుతురు మారిపోతుంది.

2. కెమెరాని ‘రా’లో, మాన్యువల్‌లో పెట్టండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8. వెలుతురుని తనంతట తాను సర్దేసే సదుపాయాలు ఏవైనా ఉంటే ఆపేయండి. ఫ్రేము నిండా టవలే ఉండాలి.

3. మీటరు సున్నా చూపేలా షట్టర్ వేగం తిప్పండి. ఉదాహరణకి అది సెకనులో 125వ వంతు అయిందనుకుందాం. ఒక ఫోటో తీయండి. కాగితం మీద ‘సున్నా’ అని రాసుకోండి.

4. ఇప్పుడు వేగం తగ్గిస్తూ పోండి. 60వ వంతు అంటే ప్లస్ 1. 30వ వంతు అంటే ప్లస్ 2. అక్కణ్ణుంచి ఒక్కో మీట చొప్పున 25, 20, 15, 13, 10, 8వ వంతు దాకా తీయండి. చివరిది ప్లస్ 4. ప్రతిసారీ రెండు సెకన్ల టైమర్ పెడితే చెయ్యి తగిలి కెమెరా కదలదు.

5. ఫోటోలు కంప్యూటర్లో తెరవండి. డార్క్‌టేబుల్, రాథెరపీ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఏ ఫోటోని ఎంత పెంచి తీశారో ఎక్స్‌పోజర్ అంతే తగ్గించండి. ప్లస్ 2 ఫోటోకి మైనస్ 2 అన్నమాట.

ఒక దశ వరకూ అన్నీ ఒకేలా ఉంటాయి. టవలు పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక ఫోటోలో పోగులు హఠాత్తుగా మాయమవుతాయి! దానికి ముందుదే మీ కెమెరా హద్దు. చాలా కెమెరాల్లో ఇది ప్లస్ 2.5కీ ప్లస్ 3.5కీ మధ్య ఉంటుంది. ఆ హద్దులోంచి అర స్టాపు పైచిలుకు తీసేసి మిగిలిన అంకె రాసుకోండి. హద్దు 3 వస్తే మీ అంకె 2.3 అనుకోండి. పాలగిన్నెని అంచుదాకా నింపి పొయ్యి మీద పెట్టం కదా!

పనిలో పనిగా ఆవాలు పోసిన చిన్న పళ్ళాన్ని మైనస్ 2, 3, 4లలో తీసి పైకి లేపి చూడండి. నీడల్ని ఎంతవరకు లేపితే కంటికి ఇబ్బంది లేదో అదీ తెలిసిపోతుంది.

మండపంలో ఏం చేయాలి?

ఇక అసలు ఘట్టానికి వద్దాం. మండపం దగ్గర వెలుతురు ఒక కుదురుగా ఉండదు. ముందుగా ‘ఏది పోయినా ఫర్వాలేదు, ఏది పోకూడదు?’ అని మనసులో ఒక్కసారి అనుకోండి. ఎక్స్‌పోజర్ చూడటమంటే నిజానికి ఈ ఎంపికే.

దీపపు ఒత్తి, వెనక వేలాడే బల్బులు, వడ్డాణం మీద తళుక్కుమనే మెరుపు చుక్క... ఇవి పొంగినా నష్టం లేదు. అవి మన కంటికీ మెరుపుగానే కనిపిస్తాయి. మధుపర్కాల నేత, మల్లెపూలు, నుదుటి మీద చెమటపట్టిన చోటు, తాతగారి నెరిసిన జుట్టు... ఇవి పోకూడదు.

పోకూడని వాటిలో అన్నిటికంటే తెల్లగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మీటరుని ‘స్పాట్’లో పెట్టి, ఆ తెల్లబట్ట మీదే కొలిచి, మీరు రాసుకున్న అంకె దగ్గర ఉంచండి. అంకె 2.3 అయితే ప్లస్ 2.3. ఇక ఆ వెలుతురు మారనంతసేపూ దాన్ని కదపక్కర్లేదు. ముఖం స్క్రీన్ మీద కాస్త చీకటిగా కనిపించినా హడలిపోకండి. ‘రా’ కాబట్టి ఇంటికొచ్చాక లేపుకోవచ్చు. వీడియో వాళ్ళ లైటు ఉన్నట్టుండి వధూవరుల మీదకి తిరిగితే మాత్రం వెంటనే మళ్ళీ కొలవండి. ఆ ఒక్క క్షణంలోనే తెలుపు పొంగేది.

అన్నిసార్లూ తెలుపునే కాపాడాలని లేదు సుమండీ! అమ్మమ్మగారు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారనుకోండి. బయట ఎండని కాపాడబోతే ఆవిడ ముఖం నల్లగా మాడిపోతుంది. అక్కడ మనకి కావలసింది ఆవిడ ముఖం. కిటికీ పొంగితే పొంగనివ్వండి.

కొన్నిసార్లు దీనికి పూర్తిగా తిరకాసు కూడా జరుగుతుంది. గదిలో అంత తెల్లనివేవీ లేవు, వెలుతురు మెత్తగా ఉంది. అప్పుడు గిన్నె నిండా నింపి తీస్తే స్క్రీన్ మీద ఫోటో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పక్కనుంచి తొంగిచూసిన పిన్నిగారు ‘ఇదేంటమ్మా, ఇంత తెల్లగా వచ్చాయి!’ అంటారు. హిస్టోగ్రామ్ గోడకి తగలకుండా ఉంటే నిశ్చింతగా ఉండండి. కంప్యూటర్లో కిందికి దించగానే నీడలు పట్టులా నున్నగా వస్తాయి.

ఐఎస్ఓ పెంచితే సరిపోదా?

‘వెలుతురు తక్కువైతే ఐఎస్ఓ పెంచితే పోయె కదా’ అని మీకు అనిపించవచ్చు. ఐఎస్ఓ పెంచితే ఫోటో తెల్లబడుతుంది గానీ, గిన్నెలో ఒక్క చినుకు కూడా అదనంగా పడదు. పులుసు పలచనైతే గిన్నెని పొయ్యి మీద అటూఇటూ జరిపినట్టే! పైగా ఐఎస్ఓ రెట్టింపు చేసినప్పుడల్లా తెలుపు వైపు ఒక స్టాపు జాగా తగ్గిపోతుంది. కాబట్టి ముందు లెన్సు బాగా తెరవండి, షట్టర్ వేగం వీలైనంత తగ్గించండి. అప్పటికీ చాలకపోతేనే ఐఎస్ఓ జోలికి వెళ్ళండి.

అలాగని పిల్లలు పరుగెత్తుతుంటే వేగం తగ్గించకండి. కదిలిపోయి మసకబారిన ముఖాన్ని మళ్ళీ నిలబెట్టలేం. కాస్త రవ్వ పడ్డా ఫర్వాలేదు, ముఖం నిలకడగా ఉండాలి.

రీలు నాటి సలహా ఇప్పుడు పనికిరాదు

36 ఫోటోల రీలు వేసి తీసిన రోజుల్లో ‘వెలుతురు కాస్త ఎక్కువే ఇవ్వమ్మా, తక్కువ చెయ్యకు’ అని స్టూడియో పెద్దలు చెప్పేవారు. కలర్ నెగెటివ్‌కి అది సరైన మాటే. దానికి తెలుపు ఎక్కువైనా ఓర్చుకునే గుణం ఉంది, చీకటే పడేది కాదు. స్లైడ్ ఫిల్ముకి మాత్రం తెలుపు ఎక్కువైతే గిట్టేది కాదు. డిజిటల్ సెన్సార్ స్వభావం ఆ స్లైడుకి దగ్గర. అందుకే ఆ పాత సలహాని కొలత లేకుండా ఇప్పుడు పాటిస్తే మొదట నష్టపోయేది మధుపర్కాలే.

గుర్తుంచుకోండి

• ఒక్కసారి వచ్చే ఘట్టాలకి ‘రా’, జేపెగ్ రెండూ కలిపి దాచే సదుపాయం వాడండి. బంధువులకి వెంటనే పంపడానికి జేపెగ్ ఉంటుంది, సరిచేసుకోవడానికి ‘రా’ ఉంటుంది.

• రంగుల పాళ్ళు, అంటే వైట్ బ్యాలెన్స్, ‘రా’లో తర్వాత మార్చుకోవచ్చు. పొంగిన తెలుపు మార్చుకోలేం. ఉన్న కాస్త సమయాన్నీ వెలుతురు చూసుకోవడానికి వాడండి.

• కొన్ని ఫోన్లలో ‘ప్రో’ పద్ధతిలో ‘రా’ ఉంటుంది. సెన్సార్ చిన్నది కాబట్టి గిన్నెలూ చిన్నవే, త్వరగా పొంగుతాయి. టవలు పరీక్ష ఫోన్‌కీ చేయొచ్చు. ఎఫ్ అంకె మార్చే వీలు లేకపోయినా ఫర్వాలేదు, షట్టర్ వేగం మారిస్తే చాలు.

• అనుమానంగా ఉంటే, వ్యవధీ ఉంటే, ఒక స్టాపు తగ్గించి ఇంకోటి తీయండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఆ వ్యవధి ఉండదు. అందుకే వధూవరులు మధుపర్కాలతో మండపంలోకి వచ్చి కూర్చోగానే కొలుచుకుని సిద్ధంగా ఉండాలి.

ఈ ఆదివారం వంటయ్యాక కిటికీ పక్కన టవలు వేసి చూడండి. వచ్చిన అంకెని చిన్న చీటీ మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకోండి. రేపు మీ ఇంట్లో జరగబోయే శుభకార్యంలో ఆ చీటీ విలువ మీకే తెలుస్తుంది.